మసి పైన, దోమ కింద, బదనిక ఆ లోపల

నెల్లూరు జిల్లా పొదలకూరు నిమ్మ మార్కెట్లో బస్తా విప్పి కుమ్మరించగానే వ్యాపారి చెయ్యి ముందుగా పోయేది మసి పట్టిన కాయల మీదికే. కాయ సైజు బాగుంటుంది, రసం బాగుంటుంది, గజ్జి తెగులు మచ్చ ఒక్కటీ ఉండదు. అయినా తొడిమ చుట్టూ కట్టెల పొయ్యి మీద పెట్టిన గిన్నె అడుగులా నల్లగా ఉంటే చాలు, రేటు కోసేస్తాడు. తుడిస్తే పోయే మసే అని అతనికీ తెలుసు. కానీ బస్తాలు బస్తాలు ఎవరు తుడుస్తారు?

మా మామకి రాపూరు వైపు నాలుగెకరాల నిమ్మతోట ఉంది. ఒక సీజన్లో ఆయన రెండు సార్లు తెగులు మందు కొట్టించాడు, మసి తగ్గలేదు. మూడోసారి మందుల కొట్టువాడు రెండు డబ్బాల పురుగుమందు కలిపి కొట్టమన్నాడు. నెల రోజులు తోట తళతళలాడింది. ఆ తర్వాత వచ్చిన మసి ముందుటి కంటే ఎక్కువ. నేను వెళ్ళి ఆకు తిప్పి కింద చూస్తుంటే ఆయన నవ్వాడు: "ఏందబ్బయా, మసి పైనుంటే కింద ఎతుకుతావేంది?"

ఈ చిక్కుముడి అంతా ఆ ప్రశ్నలోనే ఉంది. రైతుకి కనిపించేది ఆకు పైన, జరిగేది ఆకు కింద. దాన్ని ఆపే పని ఇంకా లోపల, కంటికి ఆనని చోట జరుగుతుంది. మనం కొట్టే మందు ఈ మూడింటిలో దేనికి తగులుతోందన్నదే అసలు లెక్క.

ముందు మసి సంగతి. అది ఒక రకం బూజే. కానీ ఆకులోకి దిగదు. బొటనవేలితో గట్టిగా రుద్దితే పొరలా లేచిపోతుంది, కింద ఆకు పచ్చగానే ఉంటుంది. దానికి కావలసింది ఆకు రసం కాదు, ఆకు మీద పడ్డ తీపి జిగురు. ఆ జిగురు పోసేది తెల్లదోమ జాతి పురుగులు. చెట్టు రసంలో చక్కెర ఎక్కువ, ఒళ్ళు పెరగడానికి కావలసిన నత్రజని సరుకు బహు తక్కువ. ఆ కొంచెం కోసం పురుగు రసాన్ని తెగ పీల్చి, మిగిలిన చక్కెర నీళ్ళను బయటికి చిమ్ముతుంది. పై కొమ్మ ఆకు అడుగున కూర్చున్న పురుగు చిమ్మింది కింది కొమ్మ ఆకు పైన, కాయ మీద పడుతుంది. అక్కడ బూజు మొలుస్తుంది. ఎండ అందక ఆకు తన తిండి వండుకోవడం తగ్గుతుంది, చెట్టు నీరసిస్తుంది. ఇంత జరిగాక బూజుకి మందు కొట్టడమంటే చూరు కారుతుంటే కింద గచ్చు తుడుస్తూ కూర్చోవడమే.

పేరుకి తెల్లదోమ గానీ అది దోమా కాదు, ఈగా కాదు. పేనుబంక, పిండినల్లి, పొలుసు పురుగు వీటికి దగ్గర చుట్టాలు. ఆ చుట్టరికం దాని బతుకులో కనిపిస్తుంది. గుడ్డు లోంచి వచ్చిన పిల్ల కాసేపు కాళ్ళతో పాకి, ఆకు అడుగున ఒక చోటు చూసుకుని ముట్టె గుచ్చి కూర్చుంటుంది. ఆ తర్వాత కదలదు. మూడు సార్లు తోలు మార్చి, పొలుసులా ఆకుకి అంటుకుపోయి, చివరికి రెక్కల పురుగై ఎగిరిపోతుంది. ఎగిరే పురుగు మీదే అందరి కళ్ళూ. కానీ దాని జీవితంలో ఎక్కువ భాగం కదలని పొలుసుగానే గడుస్తుంది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

నిమ్మ, బత్తాయి మీద వచ్చే వాటిలో ఒకటి తెల్లగానే ఉండదు. పిల్లలు నల్లగా, నిగనిగలాడుతూ, చుట్టూ సన్నటి తెల్ల అంచుతో, ఒళ్ళంతా ముళ్ళతో ఉంటాయి. పెద్ద పురుగు రెక్కలు బూడిద నీలం, ఒళ్ళు ఎర్రమట్టి రంగు. దీన్ని నల్లదోమ అంటారు. లేత ఆకు అడుగున గుడ్లను ముగ్గు చుట్టినట్టు చుట్ట తిప్పి పెడుతుంది. గుడ్డు నుంచి రెక్కల పురుగు దాకా వాతావరణాన్ని బట్టి నెలన్నర నుంచి నాలుగు నెలలు పడుతుంది. విదర్భలో నాగపూర్ కమలా తోటలను మసి చేసి పెట్టిందీ ఇదే. అక్కడి రైతులు ఈ మసిని కోల్షీ అంటారు, బొగ్గు అన్నమాట. జామ, బొప్పాయి, అరటి, కొబ్బరి మీద కనిపించేవి వేరు. అవి తెల్లటి మైనం పొడి, దూది పోగులు కప్పుకుని ఉంటాయి. వాటి గుడ్లు వేలిముద్ర గీతల్లా వలయాలుగా కనిపిస్తాయి. ఏ దోమో తేల్చుకోకుండా "తెల్లదోమ మందివ్వు" అని అడిగితే కొట్టువాడు తన దగ్గరున్నది ఇస్తాడు. అతని తప్పు కూడా కాదు.

ఇప్పుడు ఆకు తిప్పండి. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం ఒకటి చాలు. ఆకు అడుగున ఖాళీ పొలుసులు కనిపిస్తాయి, లోపలి పురుగు వెళ్ళిపోగా మిగిలిన తోళ్ళు. దోమే పెరిగి ఎగిరిపోయి ఉంటే ఆ తోలు వీపు మీద ఇంగ్లీషు టీ అక్షరంలా చీలి ఉంటుంది. అలా కాకుండా ఎవరో సన్నటి పంచ్‌తో కొట్టినట్టు గుండ్రటి చిల్లు ఉంటే, అందులోంచి వచ్చింది దోమ కాదు. దోమ పిల్లను లోపలినుంచి తిని పెరిగిన ఒక బుల్లి కందిరీగ. అక్షింతల పురుగు తిన్నవైతే తోలు చిరిగి, నలిగి, సగం సగం ఉంటుంది. అంటే ఆ ఆకు అడుగున చావు పుట్టుకల రిజిస్టరు ఉంది. ఎవరు బతికారో, ఎవరు చచ్చారో, ఎవరి చేతిలో చచ్చారో అన్నీ రాసి ఉన్నాయి. మా జిల్లాలో ఎన్ని నిమ్మతోటలున్నాయో అన్ని మందు పంపులున్నాయి, భూతద్దం మాత్రం ఒక్క తోటలోనూ చూడలేదు నేను.

ఈ కందిరీగలను వ్యవసాయ పుస్తకాల్లో బదనికలు అంటారు. మామిడి కొమ్మ మీద మొలిచి ఆ చెట్టు రసంతోనే బతికే మొక్క పేరు దీనికి పెట్టారు. పోలిక బాగానే ఉంది కానీ పూర్తిగా కుదరదు. చెట్టు మీది బదనిక చెట్టును వెంటనే చంపదు, ఈ బదనిక తనకు చోటిచ్చిన పురుగును చంపి గానీ బయటికి రాదు. దీని పొడవు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. మనిషిని కుట్టదు, కుట్టలేదు. తెల్లదోమల మీద పనిచేసే వాటిలో ఎన్‌కార్సియా, ఎరెట్మోసెరస్, అమైటస్ అనే మూడు పేర్లు ఎక్కువగా వినిపిస్తాయి. ఎన్‌కార్సియా కదలని ఆ పొలుసు పిల్ల లోపలే గుడ్డు పెడుతుంది. ఎరెట్మోసెరస్ పొలుసుకీ ఆకుకీ మధ్య సందులో పెడితే, దాని పిల్ల కింది నుంచి తొలుచుకుని లోపలికి పోతుంది. అమైటస్‌కి గుడ్లెక్కువ, దోమ దట్టంగా ఉన్నప్పుడు దూకుడుగా పనిచేస్తుంది. దోమ పలచబడ్డాక దాని ఆట సాగదు. అప్పుడు ఎన్‌కార్సియా పనికొస్తుంది, ఎక్కడో ఒక ఆకు మీద మిగిలిన నాలుగు పిల్లలను కూడా అది వెతికి పట్టుకుంటుంది.

ఎన్‌కార్సియా కుటుంబం సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. ఇందులో చాలా జాతుల్లో ఆడపిల్ల పుట్టాలంటే తల్లి బదనిక, దోమ పిల్లలో గుడ్డు పెడుతుంది. మగపిల్ల పుట్టాలంటే అప్పటికే బదనిక పిల్ల పెరుగుతున్న దోమను వెతుక్కుని, ఆ బదనిక పిల్ల మీద పెడుతుంది. అది తన జాతి ఆడపిల్లే కావచ్చు. అంటే కొడుకు పెరిగేది తన వంశపు ఆడపిల్లను తిని. మామకి ఇది చెబితే కాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఈళ్ళ కంటే మన ఆస్తి తగాదాలు నయం" అన్నాడు.

బదనికలు కాక ఇంకా ఉన్నారు. నువ్వు గింజంత అక్షింతల పురుగులు, సెరాంజియం అనే రకం, తెల్లదోమ పిల్లలే ప్రధాన ఆహారంగా బతుకుతాయి. అల్లిక రెక్కల పురుగు పిల్లలు తాము తిన్న వాటి తోళ్ళను, మైనపు పొడిని వీపు మీద మోసుకు తిరుగుతాయి. చూడటానికి చెత్త కదిలినట్టుంటుంది. చాలామంది దాన్నే చీడ అనుకుని నలిపేస్తారు. తెల్లదోమకి రోగం తెచ్చే మంచి బూజులూ ఉన్నాయి. వాటికి గాలిలో తేమ కావాలి. మన జిల్లాలో వాన ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో. కాబట్టి ఆ బూజులు పనిచేసే కాలం కూడా అదే. మే నెల వడగాలిలో బూజు పొడి కొట్టించి పని చేయలేదని తిట్టుకుంటే దాని తప్పేముంది?

ఈ బదనికల విలువ మనకంటే ముందు తెలుసుకున్నది సముద్రం అవతలి వాళ్ళు. 1910లో అమెరికా వ్యవసాయ శాఖ వోగ్లమ్ అనే కీటక శాస్త్రవేత్తను ఇటు పంపింది. ఫ్లోరిడా నారింజ తోటల్లో తెల్లదోమ పెరిగిపోయింది. ఆ దోమ ఆసియా నుంచి వచ్చిందే, కాబట్టి దాని శత్రువులు కూడా ఇక్కడే ఉండాలన్నది వాళ్ళ లెక్క. అప్పటి ఉమ్మడి భారతంలోని లాహోరులో ఆయనకు ఒక ఎన్‌కార్సియా దొరికింది. మొక్కలతో సహా ఓడెక్కించి తీసుకెళ్ళాడు. తీరా చేరేసరికి అక్కడ చలికాలం, గుడ్డు పెట్టడానికి తగిన ఈడు దోమ పిల్లలు లేవు. అంత దూరం బతికొచ్చిన కందిరీగలు అక్కడ నిలవలేదు. లాహోరు పేరు మోసే ఆ జాతి ఫ్లోరిడాలో స్థిరపడింది 1977లో. నల్లదోమ శాస్త్రీయ నామంలో ఉన్న వోగ్లుమీ అన్న మాట ఆ వోగ్లమ్ పేరే.

నల్లదోమ కథ ఇంకా పాఠం లాంటిది. ఆసియాలో పుట్టిన ఈ పురుగు 1913లో జమైకాలో బయటపడింది, తర్వాత క్యూబా, 1935లో మెక్సికో. శత్రువులు ఇక్కడే ఉండిపోయారు, పురుగు ఒక్కటే ప్రయాణం చేసింది. క్యూబాకి మలయా (ఇప్పటి మలేషియా) నుంచి ఎరెట్మోసెరస్ తెచ్చి 1930లో వదిలితే అది అక్కడి తేమ గాలిలో దోమను అణచేసింది. సరే అని మెక్సికోలోనూ వదిలారు. తడి ప్రాంతాల్లో పర్వాలేదు గానీ, ఎండ మాడే పొడి ప్రాంతాల్లో అది నిలబడలేదు. అప్పుడు స్మిత్ అనే శాస్త్రవేత్త 1948 నుంచి 1950 దాకా భారత్, పాకిస్తాన్‌లలో తిరిగి, ఇక్కడి వేడికి అలవాటు పడ్డ ఎన్‌కార్సియాలను, అమైటస్‌ను పంపాడు. మెక్సికోలో దోమ లొంగింది. 1976లో ఫ్లోరిడాలో మళ్ళీ నల్లదోమ కనిపిస్తే అవే రకాలను అక్కడికీ తీసుకెళ్ళారు, అక్కడా పనిచేశాయి.

దీన్ని నేను గర్వపడటానికి చెప్పడం లేదు. ఒక ఇబ్బందికరమైన ప్రశ్న కోసం చెబుతున్నాను. పరాయి దేశాల తోటలను కాపాడిన కందిరీగలు మన ఉపఖండంలోనే పుట్టాయి కదా, మరి మన నిమ్మచెట్టు మీద మసి ఎందుకు ఇంత పట్టాలి? మనకు శత్రువుల్ని దిగుమతి చేసుకోవలసిన పని లేదు, ఉన్నవాటిని బతకనిస్తే చాలు. బతకనివ్వకుండా చేస్తున్నది ఏమిటో చూడాలి.

అన్నిటికంటే పెద్దది మందు. పైకి కొట్టిన విష మందు ఎగిరే దోమను చంపుతుంది. గుడ్లు, ఆకు అడుగున మైనపు అంచుతో అంటుకున్న ముదురు పిల్లలు చాలావరకు తప్పించుకుంటాయి. ఆకులన్నీ తిరుగుతూ నడిచే బదనిక మాత్రం ప్రతి అడుగులోనూ మందు తొక్కుతుంది. పొలుసు లోపల పెరుగుతున్న బదనిక పిల్ల అప్పటికి బతికినా, చిల్లు చేసుకుని బయటికి తల పెట్టేసరికి ఎదురయ్యేది మందు పూత. పది రోజుల్లో దోమ గుడ్లు పగిలి పిల్లలొస్తాయి, తోట మళ్ళీ నిండుతుంది. బదనికకు మాత్రం ముందు దోమ పెరగాలి, ఆ తర్వాతే అది పెరగాలి. తిండి ముందు, తినేది వెనక. మామ తోట నెల రోజులు తళతళలాడి మళ్ళీ నల్లబడింది ఇందుకే. సైపర్‌మెత్రిన్ జాతి మందులు ఈ విషయంలో మరీ చెడ్డవి.

ఈ పాఠానికి ప్రకాశం జిల్లా చాలా పెద్ద ఫీజు కట్టింది. 1980ల మొదట్లో పత్తి కాయతొలిచే పురుగు మీద ఆ జాతి మందులు కొత్తగా వచ్చినప్పుడు మంత్రం వేసినట్టు పనిచేశాయి. దాంతో మళ్ళీ మళ్ళీ కొట్టారు. 1980ల మధ్యకి వచ్చేసరికి గుంటూరు, ప్రకాశం పత్తి చేలల్లో తెల్లదోమ విరుచుకు పడింది, ఆ వెనకే కాయతొలిచే పురుగు మందుకి లొంగడం మానేసింది. 1987-88లో ఆ రెండు జిల్లాల పత్తి రైతుల ఆత్మహత్యలు దేశమంతా వార్త అయ్యాయి. పత్తి మీది దోమ వేరే జాతి, నిమ్మ మీద వచ్చేది వేరు. అప్పులు, వాన, ధర అన్నీ కలిసే అంత ఘోరం జరిగింది, ఒక్క దోమ మీదికి నెట్టలేం. కానీ మందు ఎక్కువై దోమ పెరగడం అనే తంతు అక్కడా ఇక్కడా ఒకటే.

మందు ఒక్కటే కాదు. చీమ కూడా ఉంది. తీపి జిగురు కోసం చీమలు దోమల మంద చుట్టూ కాపలా తిరుగుతాయి, గుడ్డు పెట్టడానికి వచ్చిన బదనికను, అక్షింతల పురుగును తరిమేస్తాయి. చెట్టు మొదలు దగ్గర చీమల బారు ఎక్కుతుంటే పైన ఏదో రసం పీల్చేది ఉందని అర్థం. ఇక దుమ్ము. సైదాపురం వైపు క్వార్ట్జ్ లారీలు తిరిగే మట్టిరోడ్డు పక్క చెట్ల ఆకులు చూడండి, పచ్చదనమే కనబడదు. మిల్లీమీటరు లేని కందిరీగకు ఆ దుమ్ము మనకు ఇసుక తుఫానుతో సమానం. ఆకు మీద వెతికే టైమంతా కాళ్ళు, మీసాలు దులుపుకోవడంలోనే పోతుంది. రోడ్డువారగా ఉన్న రెండు వరసల్లోనే మసి ఎక్కువ, లోపల తక్కువ అని ఎవరైనా అంటే నేను ముందు దుమ్మునే అనుమానిస్తాను. గజ్జి కోసం కొట్టే రాగి మందు సంగతి కొంచెం సున్నితం. గజ్జి మన నిమ్మకి నిజమైన శత్రువు, రాగి మందు మానేయమని ఎవరూ చెప్పలేరు. కాకపోతే రాగికి చెడ్డ బూజు, దోమను చంపే మంచి బూజు అన్న తేడా తెలియదు. వానల్లో ఒకే వారంలో రాగి మందు, బూజు పొడి రెండూ కొట్టడమంటే ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కోవడం. యూరియా గుమ్మరించి లేత చిగురు పొంగించడం దోమకు విందు పెట్టడమే, దాన్ని గురించి వేరే చెప్పక్కర్లేదు.

బదనికలను బతకనిస్తే ఏమవుతుందో చూపించిన తాజా ఉదాహరణ కొబ్బరి. రూగోస్ అనే పెద్దరకం సర్పిలాకార తెల్లదోమ 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి కొబ్బరి తోటల్లో మొదట దొరికింది, త్వరలోనే మన రాష్ట్రానికీ వచ్చింది. కొబ్బరి నుంచి అరటికి, జామకు, సపోటాకు కూడా పాకింది. అందరూ మందుల కోసం పరుగెత్తుతుంటే శాస్త్రవేత్తలు ఆకుల అడుగున గుండ్రటి చిల్లులు చూశారు. దీనికంటే ముందు 1990లలో వచ్చిన మరో సర్పిలాకార తెల్లదోమ వెంట ఎన్‌కార్సియా గ్వాడెలూపే అనే బదనిక మన దేశంలోకి చేరి ఉంది. కొత్త దోమ రాగానే అది దాని మీదికి మారింది. మందు కొట్టని తోటల్లో సగానికి పైగా దోమ పిల్లలను అదే తిన్న చోట్లున్నాయి. అందుకే కొబ్బరిలో విష మందులు వద్దన్నది శాస్త్రవేత్తల మాట. బదనిక ఉన్న ఆకు ముక్కలు తెచ్చి, లేని చెట్లకు కట్టమన్నారు. కేరళలో ఆ మసినే తినే ఒక పెంకు పురుగు కూడా కనిపించింది, లియోక్రైనస్ దాని పేరు.

మరి తోటలో చెయ్యవలసింది? చెట్టుకి నాలుగు వైపుల నుంచి, ముదురు ఆకులు, నడిమి ఆకులు కోసి ఖాళీ తోళ్ళు లెక్కపెట్టాలి. గుండ్రటి చిల్లులు చీలికల కంటే ఎక్కువుంటే నేనైతే పంపు ముట్టను, మసి ఎంతున్నా సరే. మసి నిన్నటి కబురు. దోమ చచ్చాక కూడా వారాల తరబడి ఆకు మీదే ఉంటుంది, దాన్ని చూసి మందు కొడితే చచ్చేది అప్పుడే గెలుస్తున్న బదనికే. ఆ మసికి పలచటి గంజి చాలు. ఎండిన గంజి పొర పొట్టులా లేచి మసిని వెంట తీసుకుపోతుంది. నేలకు తగిలే కొమ్మలు కత్తిరిస్తే చీమల మెట్లు సగం పోతాయి. చెట్టు మొదలుకి గుడ్డ చుట్టి దాని మీద జిగురు పూస్తే మిగతా సగం ఆగుతుంది.

చీలికలే ఎక్కువై, చిల్లులు లేక, పిల్లలు దట్టంగా ఉంటే అప్పుడు ఊరుకోకూడదు. సబ్బు కలిపిన వేపనూనె ఆకు అడుగు తడిసేలా, గన్ను పైకి తిప్పి కొట్టాలి. దాని ఘాటు త్వరగా పోతుంది కాబట్టి బయట మిగిలిన బదనికలు మళ్ళీ వచ్చి చేరతాయి. ఒకేసారి తోటంతా కాక వరస విడిచి వరస కొడితే ఇంకా మంచిది, వాటికి తలదాచుకునే చోటు మిగులుతుంది. జిగురు పూసిన పసుపు అట్టలు దోమ వచ్చిందో లేదో చెప్పడానికి పనికొస్తాయి గానీ, ఎక్కువ కడితే వాటికి బదనికలూ అంటుకుంటాయి. విష మందు తప్పదనుకుంటే కొట్టువాడి మాట మీద కాకుండా, ఆకులు సంచిలో వేసుకుని వెంకటగిరి దగ్గరి పెట్లూరు నిమ్మ పరిశోధన కేంద్రంలోనో, ఊళ్ళో రైతు సేవా కేంద్రంలోనో చూపించి అడగడం మేలు.

మామ వెంటనే ఒప్పుకోలేదు. "నాలుగెకరాల తోట, దాన్ని కందిరీగలకు వదిలెయ్యమంటావా?" అన్నాడు. చివరికి మూలనున్న రెండు వరసలు మాత్రం నాకిచ్చాడు, మందు లేకుండా. భూతద్దం నేనే కొనిచ్చాను. మొదటి వారం దాన్ని చూసి పనివాళ్ళు నవ్వారు. మూడో వారం ఫోన్ చేసి, "అబ్బయా, గుండ్రటియి పదిహేడు, చీలికలు ఆరు. ఇంకో ఆకు చూడమంటావా?" అన్నాడు.